రూట్ కాకుండానే రూట్ వేషం: ఫేక్‌రూట్ కథ

ఫోన్ రూట్ చేయడం అనే మాట మీరు వినే ఉంటారు. రూట్ అంటే లైనక్స్‌లో సర్వాధికారి. ఏ ఫైల్‌నైనా మార్చొచ్చు, తీసేయొచ్చు. ఈరోజు మాట్లాడుకునేది రూట్‌లా నటించే ఒక చిన్న ప్రోగ్రామ్ గురించి.

లైనక్స్‌లో ప్రతి ఫైల్‌కీ ఒక యజమాని, ఒక గ్రూప్, కొన్ని అనుమతులు ఉంటాయి. పాస్‌వర్డ్ మార్చే ప్రోగ్రామ్‌నే తీసుకోండి. యజమాని రూట్, అనుమతి 4755. మొదట్లో ఉన్న ఆ 4 ఉంది చూశారా, అదే సెట్‌యూఐడీ. ఎవరు నడిపినా సరే, యజమాని అధికారంతోనే నడుస్తుంది. ఇది డెనిస్ రిచీ ఆలోచన, 1979లో పేటెంట్ కూడా వచ్చింది.

ఇప్పుడు నేను నా కంప్యూటర్‌లో ఒక ప్యాకేజీ కట్టాననుకోండి. అందులో ఫైళ్లన్నీ నా పేరు మీద, అంటే యూజర్ నంబర్ 1000 మీద ఉండిపోయాయి. అది మీ మిషన్‌లో ఇన్‌స్టాల్ అయితే? అక్కడ 1000 నంబర్ ఎవరిదైతే, సిస్టమ్ ప్రోగ్రామ్‌లు వాళ్ల చేతిలో పడతాయి. వాళ్లు వాటిలో ఏమైనా కలపొచ్చు. అందుకే ప్యాకేజీలో యజమాని రూట్ అని రాసి ఉండాలి.

1993లో ఇయన్ మర్డాక్ డెబియన్ మొదలుపెట్టాడు. ప్యాకేజీలు కట్టేది వాలంటీర్లే. డెబ్ ఫైల్ లోపల ఉండేది టార్ ఫైల్, అందులో ఒక్కో ఫైల్ పక్కన యజమాని ఎవరో రాసి ఉంటుంది. అక్కడ రూట్ అని పడాలంటే డిస్క్ మీద కూడా ఫైల్ రూట్‌దే అయ్యుండాలి. యజమానిని మార్చే అధికారమేమో రూట్‌కే ఉంది. సో, ప్యాకేజీ కట్టే పనిని రూట్‌గా నడపాల్సి వచ్చేది. స్క్రిప్ట్‌లో ఫోల్డర్ పేరు పొరపాటున ఖాళీగా ఉండి, ‘దీని కింద ఉన్నవన్నీ తీసెయ్’ అనే లైన్ నడిచిందా, పాపం ఆ వాలంటీర్ సిస్టమ్ మొత్తం గోవిందా!

1997లో యోస్ట్ విట్టెవేన్ ఫేక్‌రూట్ రాశాడు. భలే చిలిపి ఐడియా అండీ ఇది. ‘ఈ ఫైల్ రూట్‌కి ఇచ్చెయ్’ అని ఎవరైనా అడిగితే, మధ్యలో కూర్చున్న ఫేక్‌రూట్ ‘సరే, అయిపోయింది’ అంటుంది. డిస్క్ మీద ఏమీ మారదు, ఆ మాటను తన చిట్టాలో రాసుకుంటుంది, అంతే. తర్వాత టార్ వచ్చి ‘దీని యజమాని ఎవరు?’ అంటే, చిట్టా చూసి ‘రూట్’ అని చెబుతుంది. టార్ నమ్మి అదే రాసేస్తుంది. వీధి నాటకంలో రాజు వేషం లాంటిదన్నమాట, కిరీటం ఉంటుంది గానీ శిస్తు వసూలు చేయలేడు. పాస్‌వర్డ్‌ల ఫైల్ తెరవబోతే కర్నల్ కుదరదనే అంటుంది.

మరి ఇది మోసం కాదా? నా లెక్కలో కాదు. టార్‌లో ఉన్నది రాత మాత్రమే, అధికారం కాదు. ఆ రాతను అమలు చేసేది మీ మిషన్‌లోని అసలు రూట్, అదీ మీరు ఇన్‌స్టాల్ చేయమన్నప్పుడు.

దీనికీ లోటుంది. లైబ్రరీలను తనలోనే కలిపేసుకున్న స్టాటిక్ ప్రోగ్రామ్‌ల దగ్గర ఈ ట్రిక్ పారదు. 2017లో డీప్యాకేజ్ 1.19 వచ్చాక, యజమాని రూట్ అని నేరుగా రాసే ఆప్షనే ఇచ్చారు. నటన అక్కర్లేదు! ఇంత సింపుల్ పని 20 ఏళ్ల ముందే చేయొచ్చుగా అనిపిస్తుంది. కానీ అప్పటికే ఉన్న బిల్డ్ స్క్రిప్ట్‌లను తిరగరాయకుండా పని జరిపించింది ఫేక్‌రూటే.

మీ ఫోన్‌లో టెర్మక్స్ ఉంటే ‘పీరూట్’ అనే ప్రోగ్రామ్ చూడండి. దారి వేరు గానీ వేషం అదే: ఫోన్ రూట్ చేయకుండానే లోపలి లైనక్స్‌కి మీరు రూట్‌లా కనిపిస్తారు. అది ఎలాగో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం.