రంగమునుండి కాలినడకను

నలోపాఖ్యానములో దమయంతి భర్తచే విడువబడి, కారడవిలో నొక వర్తకుల బిడారు వెంట నడచినది. రాత్రివేళ అడవియేనుగులు ఆ బిడారును త్రొక్కి చంపినవి. ఆమె మిగిలిన విప్రులతో గూడి, ఏడ్చుచునే నడచి చేదిపురము చేరినది. అట్టి నడక నడచినవారు మన ఉద్దానపు తీరమునందును కలరు.

పలాస, టెక్కలి, సోంపేట ప్రాంతములు 1936 వఱకు గంజాము జిల్లాలోనివి. ఇచ్చటి కూలిజనము బారువ, కళింగపట్టణపు రేవులలో పొగయోడ లెక్కి రంగమునకు, అనగా రంగూనునకు, పోవుచుండిరి. రేవులో బస్తాలు మోయుట, బియ్యపుమరలలో పని, వరికోతలు వారి జీవనము. అచ్చట వీరిని కోరంగీలనిరి. 1931 జనాభా లెక్కలలో బర్మాయందలి తెలుగువారు సుమారు లక్షన్నర.

1941 డిసెంబరు 23వ తేదీన జపానువారి విమానములు రంగూనుపై బాంబులు కురిపించినవి. 1942 మార్చి 8న నగరము వారి వశమయ్యెను. ఓడలలో చోటు కొలదిమందికే దొరకినది. తక్కినవారు నడచిరి. ఒక త్రోవ ప్రోమునుండి అరకాను కొండలు దాటి, తౌంగుపు మీదుగా చిట్టగాంగునకు. రెండవది చింద్విను నది దాటి, తము మీదుగా ఇంఫాలునకు. మూడవది, మిక్కిలి ఘోరమైనది, హుకాంగు లోయగుండ అస్సాములోని లేడోకు. నీరులేని కొండలు, కలరా, మలేరియా, మే నెలనుండి ఎడతెగని వర్షము, బురద. తెల్లవారికి మేలైన త్రోవయు, మనవారికి కష్టమైన త్రోవయు చూపిరను ఆరోపణ దేశమంతట వినవచ్చెను. నడచి వచ్చిన భారతీయులు నాలుగు లక్షలకు పైబడుదురు. దారిలో మడిసినవారు పదివేలకు తక్కువ లేరని కొందఱును, ఏబదివేలకు మించుదురని కొందఱును చరిత్రకారులు లెక్కింతురు.

ఆ లెక్కలోని ఒక్కొక్క ప్రాణము వెనుక ఒక యిల్లు కలదు. దారిప్రక్కన ఒరిగిన తల్లికొఱకు ఆగినచో చంకలోని బిడ్డ దక్కదు. ఆగక నడచినవాడు కఠినుడు కాడు. మన శాస్త్రము ఆశౌచమునకు దినము లేర్పరచినది; ఆ యడవిలో దుఃఖించుటకు ఘడియ తీరికయు లేదు. అగ్నిసంస్కారము లేదు, అస్థి లేదు. ఇంటనున్నవారికి తిథి యెట్లు తెలియును?

మృతతిథి తెలియనివారికి అమావాస్యనాడు శ్రాద్ధము పెట్టవచ్చునని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. నాడు తల్లిచంక నెక్కి వచ్చిన పసివారు నేడు ఎనుబదియేండ్లు దాటినవారు. వారును పోయిన పిమ్మట చెప్పువా రుండరు. కావున, పెద్దలారా! రాబోవు మహాలయామావాస్యనాడు తిలోదకములు విడిచిన పిదప, మీ వంశమున రంగము పోయి తిరిగిరానివారి పేరును, వారెక్కిన రేవును, తిరిగివచ్చినవారు చెప్పిన త్రోవను కాగితముపై వ్రాసి మనుమలచేత చదివింపుడు.