ఆకు మీద నిలిచిన అక్షరం



రావిచెట్టు కింద, వాననీళ్లు నిలిచిన చోట, కుళ్లిన ఆకుల్ని మీరు చూసే ఉంటారు. మెత్తని భాగమంతా పోయి, సన్నని ఈనెలు జల్లెడలాగా మిగులుతాయి. దీన్నే పిల్లలు పుస్తకాల్లో దాచుకుంటారు. ఆకును వారాల తరబడి నీళ్లలో నానబెట్టి, మెత్తని కుంచెతో తుడిచి, ఈ వల చెదరకుండా తీయడం ఒక కళ. చైనాలో 18, 19 శతాబ్దాల్లో ఇలాంటి రావి ఆకుల మీద బౌద్ధ అర్హతుల బొమ్మలు వేశారు.

మన పెద్దలు ఆకును దాచిన తీరు దీనికి సరిగ్గా ఎదురు. రావి ఆకులో ఈనెను ఉంచుకుని మిగతాది వదిలేస్తారు. తాటాకులో నడిమి ఈనెను చీల్చి పారేసి, రేకును ఉంచుకుంటారు. మరీ లేతవీ మరీ ముదురువీ కాని ఆకులు కోసి, నీడన ఆరబెట్టి, నీళ్లలో ఉడికించి, మళ్లీ ఆరబెట్టి, నున్నగా రుద్ది, ఒకే కొలతకు కత్తిరించేవారు. మామూలు తాటాకు కంటే శ్రీతాళపత్రం పలుచన, మెత్తన. గంటంతో గీరిన అక్షరం మొదట సరిగా కనబడదు. పైన మసి పూసి తుడిస్తే, గీతల్లో మాత్రం నలుపు నిలుస్తుంది. నారల వెంబడి నిడుపుగా గీస్తే ఆకు చీలుతుంది. తెలుగు, ఒడియా అక్షరాలు గుండ్రంగా ఉండడానికి అదొక కారణమని అంటారు.

ఎంత జాగ్రత్తగా చేసినా ఆకు ఆకే. చెమ్మ, పురుగు, చెద దాని శత్రువులు. బాగా కాపాడితే కొన్ని వందల ఏళ్లు ఉంటుంది, అంతే. మరి 11వ శతాబ్దపు నన్నయ భారతం మనకెలా దక్కింది? పాత ప్రతి శిథిలం కాకముందే ఎవరో ఒకరు కొత్త ఆకుల మీదకు ఎక్కించారు. అలా తరతరాలుగా లేఖకుల చేతుల మీదుగా గ్రంథం బతికింది.

ఆ లేఖకులు ఆంధ్రదేశంలోనే లేరు. తంజావూరును 1673 వరకు ఏలిన నాయక రాజుల కొలువులో తెలుగు కావ్యాలూ యక్షగానాలూ వెలిశాయి. రఘునాథ నాయకుడూ, ఆయన కుమారుడు విజయరాఘవ నాయకుడూ స్వయంగా కవులు. తరువాత వచ్చిన మరాఠా రాజులూ తెలుగును ఆదరించారు. 1798 నుంచి 1832 వరకు ఉన్న రెండవ శరభోజి సరస్వతీ మహలు గ్రంథాలయాన్ని ఎంతో పెంచాడు. ఆ గ్రంథాలయం 1918లో ప్రజలకు తెరుచుకుంది. ఇటు కడపలో సి.పి. బ్రౌన్ పండితుల్ని నియమించి, ఒకే గ్రంథానికి పలు ప్రతులు తెప్పించి, సరిపోల్చి, కాగితం మీద శుద్ధప్రతులు రాయించాడు.

19వ శతాబ్దంలో అచ్చు వ్యాపించింది. అచ్చయినవి బతికాయి. కానీ ఆకు మీద నకలు తీసే అలవాటు ఆగిపోయింది. అచ్చుకెక్కని గ్రంథానికి మిగిలినది ఆఖరి నకలే. అందుకే మీ అటక మీది తాటాకుల కట్ట విలువైనది. అది వైద్యమో, లెక్కలో, ఊరి యక్షగానమో కావచ్చు. తెలుగు లిపి చదివేవారు ఇంట్లో లేరని దాన్ని పుష్కరాలకు నదిలో కలపకండి.

దానికి మీరు చేయగలిగింది కొద్దిపాటి పనే. కట్టను నీళ్లతో కడగవద్దు, ఎండలో పెట్టవద్దు, అతుక్కున్న ఆకుల్ని లాగి విడదీయవద్దు. పొడిగా, శుభ్రమైన గుడ్డలో చుట్టి ఉంచండి. నూనె పూసే పని తెలిసినవారికే వదిలేయండి. గ్రంథాలయాల్లో నిమ్మగడ్డి నూనె వంటివి పూసి ఆకుకు మళ్లీ మెత్తదనం తెస్తారు. తంజావూరు, చెన్నై, భువనేశ్వర్‌లలో పెద్ద తాళపత్ర భాండాగారాలున్నాయి. జాతీయ రాతప్రతుల సంస్థ 2003లో మొదలైనప్పటి నుంచి ఇలాంటి ప్రతుల వివరాలు నమోదు చేసే పనీ సాగింది. ఆకుల్ని ఇచ్చివేయడం ఇష్టం లేకపోతే, కనీసం ఫోటోలు తీయించి చదవగలవారికి చూపించండి. వెనుకటి లేఖకుడు గంటంతో చేసిన నకలు పనినే మీరు మరో విధంగా చేసినవారవుతారు.