లైసెన్సు కొట్టుకే, వీసాకు కాదు

2022 ఏప్రిల్ 21, గురువారం. అమెరికాలోని న్యూజెర్సీలో పొద్దున్నే గంజాయి కొట్ల ముందు జనం బారులు తీరారు. 21 ఏళ్లు నిండినవాళ్లెవరైనా డాక్టరు చీటీ లేకుండా గంజాయి కొనుక్కునేందుకు ఆ రాష్ట్రంలో అదే మొదటి రోజు. ఎలిజబెత్ పట్టణంలోని కొట్టు దగ్గరికి గవర్నర్ ఫిల్ మర్ఫీయే వచ్చారు. వయసు తెలిపే కార్డు చూపించాలి, డబ్బు కట్టాలి, సరుకు తీసుకుని బయటికి రావాలి. ఒకసారికి ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల పైచిలుకు దాటకూడదు. ఆ ఒక్క రోజే 12 వేల మందికి పైగా కొన్నారు. దాదాపు 19 లక్షల డాలర్ల వ్యాపారం జరిగింది.

ఆ కొట్లతో తిరుపతి జిల్లా వడమాలపేటలో ఉన్న మనకేం పని అనుకోకండి. ఎలిజబెత్‌లో కారెక్కితే అరగంటలో ఎడిసన్. అంగడికి పోయినా, పార్కుకు పోయినా తెలుగు వినబడే ఊరది. ఇంకాస్త ముందుకు పోతే బ్రిడ్జ్‌వాటర్‌లో మన వెంకన్న గుడి. చేను తాకట్టు పెట్టి, బ్యాంకులో అప్పు చేసి మనం ఎమ్మెస్‌కు పంపిన పిల్లలు తిరిగేది ఆ రోడ్ల మీదే. వాళ్ల కళ్లెదుటే బోర్డు పెట్టుకుని, పన్ను కట్టి నడుస్తున్న కొట్టు. రాష్ట్ర ప్రభుత్వమే అమ్మమన్నాక తప్పేముందని ఇరవై రెండేళ్ల పిల్లోడికి అనిపిస్తే అందులో వింతేముంది?

తప్పెక్కడుందో తెలియాలంటే డెన్వర్‌లో జరిగింది వినాలి.

డెన్వర్ ఉన్న కొలరాడో రాష్ట్రం ఈ అమ్మకాలు మొదలుపెట్టింది 2014 జనవరి 1న. దేశంలో అదే మొదటిది. ఎల్ సాల్వడార్ నుంచి పసివాడిగా తల్లితో వచ్చి, గ్రీన్‌కార్డు మీద పెరిగి పెద్దవాడైన ఒక యువకుడు అక్కడ లైసెన్సున్న గంజాయి సంస్థలో పనికి కుదిరాడు. దొంగచాటు పని కాదు. జీతం, పన్ను అన్నీ లెక్క ప్రకారమే. పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. అధికారులు ఉద్యోగం గురించి అడిగారు. దాచలేదు, ఉన్నది చెప్పాడు. దరఖాస్తు తిరస్కరించారు. లిథువేనియా నుంచి వచ్చిన ఒక మహిళకూ ఇదే గతి పట్టింది. డెన్వర్ మేయర్ మైకేల్ హాంకాక్ ఊరుకోలేక 2019 ఏప్రిల్‌లో అటార్నీ జనరల్ విలియం బార్‌కు లేఖ రాశారు. అదే నెల 19న అమెరికా ఇమిగ్రేషన్ శాఖ తన మాట కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది: రాష్ట్రంలో చట్టబద్ధమే అయినా సరే, గంజాయి దగ్గర పెట్టుకోవడమైనా, ఆ వ్యాపారంలో పనిచేయడమైనా పౌరసత్వానికి అడ్డు రావచ్చు. నిజం చెప్పినందుకు ఇద్దరు మనుషులు శిక్ష అనుభవించారని ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

కారణం ఒక్కటే. రాష్ట్రం చట్టం వేరు, దేశం చట్టం వేరు. 1970 నాటి కేంద్ర చట్టం కింద గంజాయి నిషిద్ధ పదార్థమే. వీసా, గ్రీన్‌కార్డు, పౌరసత్వం మూడూ కేంద్రం చేతిలోనివి. కేసు, కోర్టు, శిక్ష ఏవీ లేకపోయినా, పౌరుడు కానివాడు విమానాశ్రయంలో అధికారి ముందు ‘నా దగ్గర గంజాయి ఉండేది’ అని నోటితో ఒప్పుకుంటే చాలు, దేశంలోకి రానివ్వకపోవచ్చు. కొట్టులో పక్కన నిలబడి కొన్న అమెరికా మిత్రుడికి ఈ భయం లేదు.

వీసాకు నింపే డీఎస్-160 ఫారంలోనే ఒక ప్రశ్న ఉంది: మాదకద్రవ్యాల చట్టం ఎప్పుడైనా ఉల్లంఘించారా? మన ఊళ్ల పిల్లల ఫారాలు చాలావరకు కన్సల్టెన్సీ వాళ్లే నింపుతారు. వరసగా ‘లేదు’, ‘లేదు’ అని కొట్టుకుంటూ పోతారు. సంతకం మాత్రం పిల్లోడిది. వీసా మళ్లీ వేయించుకోవాల్సి వచ్చిన రోజు అదే ప్రశ్న మళ్లీ వస్తుంది. ఉన్నది చెబితే చిక్కు. అబద్ధం చెబితే అంతకంటే పెద్ద చిక్కు.

మన దేశంలోనూ ఒకప్పుడు సర్కారు లైసెన్సు మీద గంజాయి అమ్మేవారు. 1893లో ఆంగ్లేయులు వేసిన కమిషన్ వెయ్యిమందికి పైగా సాక్షులను విచారించి, పూర్తిగా నిషేధించాల్సిన పని లేదని మరుసటేడు తేల్చింది. ఆ కాలం 1985 నవంబరు 14న మాదకద్రవ్యాలను అరికట్టే ఎన్‌డీపీఎస్ చట్టం అమల్లోకి రావడంతో ముగిసింది. ఇప్పుడు మన వడమాలపేట మండలం ఎస్.వి.పురం టోల్‌గేటు దగ్గర మద్రాసు వైపు పోయే బండిలో 20 కిలోలకు మించి దొరికితే కనీసం పదేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా. కిలో లోపైనా ఏడాది దాకా పడొచ్చు. ఎవరైనా అమ్ముతున్నట్టు తెలిస్తే మత్తుపదార్థాలను అరికట్టే పోలీసుల ఈగల్ విభాగానికి 1972 నంబరుకు చెప్పొచ్చు.

అమెరికాకు పెట్టె సర్దుతున్న తల్లిదండ్రులకు నా మనవి. ఆవకాయ జాడీ కట్టేటప్పుడే ఈ మాటా చెప్పి పంపండి. అక్కడ కొట్టు తెరిచి ఉన్నా వీసా మీదున్నవాళ్లు అందులో కొనకూడదు, అందులో పనికి చేరకూడదు, ఫోన్లో ఫొటోలు పెట్టుకోకూడదు. ఇప్పటికే కొని ఉంటే భయపడి అబద్ధం రాయొద్దు. ఏ ఫారం మీదైనా సంతకం పెట్టే ముందు ఇమిగ్రేషన్ లాయరును కలవమనండి.