పెరటి పొయ్యికి ఇత్తడి కాపలా

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా నగరాల శివార్లలో పెరడున్న ఇళ్లు విరివిగా వెలిసి, సెలవు రోజున ఆరుబయట మాంసం కాల్చుకు తినడం అక్కడి మధ్యతరగతికి అలవాటైన కాలంలో ఆ పొయ్యికి బొగ్గే ఇంధనం. హెన్రీ ఫోర్డ్ తన కార్ల కోసం కోయించిన కలపలో మిగిలిన తుక్కును 1920లలోనే బొగ్గు ఉండలుగా మార్పించి అమ్మించగా, 1952లో షికాగో ప్రాంతానికి చెందిన జార్జ్ స్టీఫెన్ గుండ్రని మూతగల పొయ్యిని రూపొందించి ఆ అలవాటుకు స్థిరమైన ఆకృతినిచ్చాడు. బొగ్గు తెచ్చే ప్రమాదం నిప్పురవ్వగానో పొగగానో చాలావరకు కంటికి కనిపించేది. 1960ల తొలినాళ్లలో షికాగో వైపు వాల్టర్ కోజియోల్ కంపెనీ, దక్షిణాన అర్కాన్సాస్ లూసియానా గ్యాస్ కంపెనీ ప్రవేశపెట్టిన గ్యాస్ గ్రిల్‌తో కంటికి కనిపించని ప్రమాదం పెరట్లోకి వచ్చింది. పొయ్యి ఒకసారే అమ్ముడవుతుంది గాని గ్యాస్ ఏళ్ల తరబడి అమ్ముడవుతుందన్న లెక్క గ్యాస్ కంపెనీకి ఎవరూ నేర్పనక్కరలేదు.

భూమిలోని గొట్టానికి బిగించిన గ్రిల్ కదలదు. దాన్ని కదిలించినది ప్రొపేన్ సిలిండర్. తెలుగువారి వంటింటి గ్యాస్‌లో ప్రొపేన్‌తో పాటు బ్యూటేన్ కూడా కలిసి ఉంటుంది. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది కనుక మంచు కురిసే ప్రాంతాలకు మైనస్ 42 డిగ్రీల వద్దనే మరిగే ప్రొపేన్ తప్పనిసరి అయింది. 20 పౌండ్లు, అంటే సుమారు 9 కిలోల గ్యాస్ పట్టే సిలిండర్ గ్రిల్‌కు ప్రామాణికమైంది. ప్రొపేన్ గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువైనది కావడంతో, కారినప్పుడు పైకి తేలిపోక నేలబారున పాకి పల్లంలో నిలుస్తుంది. ఆ సిలిండర్‌ను ఇంటి లోపల ఉంచరాదన్న కట్టడికి ఇదే మూలం. సహజంగా వాసన లేని గ్యాస్‌కు ఘాటైన వాసన కలపడం మాత్రం గ్రిల్ కంటే పాతది: 1937లో టెక్సస్‌లోని న్యూ లండన్ పాఠశాలలో వాసన లేకుండా కారిన గ్యాస్ పేలి సుమారు 300 మంది, అధికులు పిల్లలే, మరణించిన తరువాత ఆ రాష్ట్రం చట్టం చేసింది, కారిన గ్యాస్‌ను ముక్కుతో పసిగట్టే ఏర్పాటు నేడు తెలుగు వంటింటి సిలిండర్‌కూ ఉంది.

గ్రిల్‌కే ప్రత్యేకమైన చిక్కు సిలిండర్ నింపడంలో తలెత్తింది. ద్రవరూపంలోని ప్రొపేన్ వేడికి వ్యాకోచిస్తుంది కనుక సిలిండర్‌ను 80 శాతానికి మించి నింపకూడదు. అయితే ఎంత నింపాలన్నది బంకులోని మనిషి శ్రద్ధ మీద ఆధారపడి ఉండగా, అంచు దాకా నింపిన సిలిండర్ ఎండలో నిలిపిన కారు డిక్కీలో వేడెక్కితే దాని రక్షక వాల్వు తెరుచుకుని గ్యాస్ బయటికి చిమ్మేది. మేడమీది నీళ్ల ట్యాంకులో నీటిని ఆపే బంతి వంటి తేలుడు సాధనాన్ని వాల్వులోనే అమర్చి, 80 శాతం దగ్గర గ్యాస్ దానంతటదే ఆగిపోయేలా చేసిన ఏర్పాటును అగ్నిమాపక ప్రమాణాలు 1998లో నిర్దేశించాయి. అది లేని పాత గ్రిల్ సిలిండర్లను 2002 ఏప్రిల్ 1 నుంచి నింపరాదన్నారు. మూడు మూలల పిడి ఆ కొత్త వాల్వుకు గుర్తు.

సిలిండర్‌కు, గ్రిల్‌కు మధ్యనున్న బిగింపు అంతకు ముందే మారింది. పాత బిగింపులో మర ఎడమ వైపుకు తిరిగేది, పానా లేనిదే బిగిసేది కాదు. 1995 అక్టోబరు తరువాత తయారైన గ్రిల్‌లకు, బిగింపు సరిగా కుదరనిదే గ్యాస్ రాని వాల్వు, రబ్బరు గొట్టం తెగితే ప్రవాహాన్ని తగ్గించే సాధనం ఉండాలన్నారు. గ్రిల్‌తో పాటు వచ్చే సూచనల పుస్తకాల మీదే భారం వేయడం కంటే, మనిషి మరిచిపోతాడన్న సత్యాన్ని ఒప్పుకుని ఇత్తడి వాల్వుకే ఆ పని అప్పగించడం మెరుగైన ఆలోచన. అది ఆలస్యంగా వచ్చిందనక తప్పదు.

అయినా కొన్ని పనులు వాల్వుకు అప్పగించ వీలుకానివి. మూత మూసి గ్యాస్ తెరిస్తే లోపల పేరుకున్న గ్యాస్ ఒక్క నిప్పురవ్వకే భగ్గున లేస్తుంది కనుక వెలిగించేటప్పుడు మూత తెరిచే ఉండాలి. చలికాలమంతా వాడని గ్రిల్‌లో, గ్యాస్‌ను గాలితో కలిపి బర్నర్‌కు చేర్చే సన్నని గొట్టంలో సాలీడు గూడు కడితే, దారి మూసుకున్న గ్యాస్ వెనక్కి తన్ని బర్నర్ బయటే మండుతుంది. తయారీదారులు అక్కడ జల్లెడ అమర్చినా శుభ్రపరచడం తప్పలేదు. చాలాకాలం తరువాత గ్రిల్‌ను మళ్లీ వెలిగించినప్పుడు, నింపిన సిలిండర్‌ను కొత్తగా తగిలించినప్పుడు ప్రమాదాలు ఎక్కువని అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ గుర్తించింది. బిగింపుల మీద సబ్బు నీళ్లు పూసి బుడగలు వస్తున్నాయేమో చూడడం నేటికీ అన్నిటికంటే చవకైన, నమ్మదగిన పరీక్ష.

గ్రిల్‌ను ఎక్కడ ఉంచాలన్నది చివరికి భవన నిబంధనల్లోకి చేరింది. అమెరికాలో అనేక పట్టణాలు అనుసరించే అగ్నిమాపక నియమావళి ప్రకారం అపార్టుమెంట్ల కలప బాల్కనీలలో, మండే గోడకు 10 అడుగులలోపు గ్రిల్ వెలిగించరాదు; స్వయంచాలకంగా నీరు చిమ్మే ఏర్పాటున్న భవనాలకు, ఒకటి రెండు కుటుంబాల ఇళ్లకు మినహాయింపు ఉంది. ఉద్యోగాల కోసం వెళ్లి అక్కడి అపార్టుమెంట్లలో అద్దెకుంటున్న తెలుగువారికి కూడా ఈ నిబంధన వర్తిస్తుంది. మినహాయింపు లేని భవనాల్లో ఉన్నవారు ఆవరణలో ఉమ్మడి గ్రిల్ ఉంటే దాన్ని వాడుకోవలసిందే, లేకపోతే సొంత ఇల్లు కొనేదాకా ఆగవలసిందే.