లాడ్ బజారు లక్క గాజులు

హైదరాబాదులో చార్మినారుకు పడమట మొదలై మహబూబ్ చౌక్ వైపు సాగే సన్నని వీధి పేరు లాడ్ బజారు. చూడీ బజారనీ అంటారు. మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో కట్టించిన చార్మినారు చుట్టూ పెరిగిన పాత అంగడివీధులలో ఇది ఒకటి. లాడ్ అంటే గారాబమని కొందరు, లక్క నుండి వచ్చిన మాటేనని మరికొందరు చెబుతారు. పెళ్ళి కుదిరితే హిందువులూ ముసల్మానులూ గాజుల కోసం ఈ వీధికే వస్తారు.

లక్క అనునది చిన్న పురుగు స్రవించే జిగురు; మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలను పట్టి గట్టిపడుతుంది. దానిని శుభ్రపరచి, బొగ్గుల కుంపటిపై మెత్తబరచి ముద్దచేస్తారు. రంగు లక్క పట్టించి, కడ్డీగా సాగదీసి, కొలతకు కోసి, వేడిమీదనే రెండు కొసలూ అతికిస్తారు. గుండ్రని కొయ్యకు తొడిగి వంకర తీర్చిన పిమ్మట రాళ్ళు, అద్దాలు, పూసలు ఒక్కొక్కటిగా పొదుగుతారు. చల్లారిన లక్కకు రాయి పట్టదు. వేడి మించితే గాజు రూపు చెడుతుంది. అందువలన పనివారి చేయి కుంపటిని విడువదు. వేళ్ళు కాలుతాయి, కళ్ళు అలసిపోతాయి. ఈ పని చాలావరకు పాతబస్తీ ఇళ్ళలోను, చిన్న కార్ఖానాలలోను జరుగుతుంది. పొదిగేవారిలో స్త్రీలు అనేకులు. మనకు కనిపించేది మాత్రం దుకాణపు దీపాల వెలుగే.

2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు లభించింది. పేరుకు రక్షణ కలిగింది, సంతోషమే. కానీ కుంపటి ముందు కూర్చున్నవారి కూలి పెరగనిదే వారి పిల్లలు ఈ పనికి ఎందుకు వస్తారు? విదేశాల నుండి వెళ్ళి, అక్కడ సగానికి సగం బేరమాడి, ఆ మాట ఇక్కడ గొప్పగా చెప్పుకొనేవారిలో నేనూ ఒకడిని. ఇప్పుడు తలచుకొంటే సిగ్గు కలుగుతుంది.

ఒక వేసవిలో మా అమ్మాయి గాజుల జతను కారులో మరచిపోయింది. సాయంత్రానికి గాజులు వంగి, రాళ్ళు జారిపోయాయి. నాసిరకం సరుకు అంటగట్టారని కోపగించుకొన్నాను. ఆ గాజును మలచినదీ అటువంటి వేడిమేనని తరువాత గాని తోచలేదు. లాడ్ బజారులో గాజు బిగువైతే కాచి, అక్కడికక్కడే కొలత సరిచేసి ఇస్తారు. రాలిన రాళ్ళను ఒక కాగితంలో పొట్లం కట్టి ఉంచాము. ఈసారి వెళ్ళినప్పుడు మళ్ళీ పొదిగించాలి, అడిగిన కూలి ఇచ్చి.