చిన్న చేపల పడవ: ఇంజన్ ఎంత, చమురు ఎంత, దూరం ఎంత

సూరత్ నగరం నుంచి ఇచ్ఛాపూర్ మీదుగా వెళ్లే రోడ్డు హజీరాకు చేరుతుంది. ఆ దగ్గరలోనే తపతి నది ఖంభాత్ సింధుశాఖలో కలుస్తుంది. పెద్ద ఓడలు తిరిగే ఈ నీళ్లలో చిన్న చేపల పడవకు అసలు ఇబ్బంది ఓడలతో కాదు, ఆటుపోట్లతో. సింధుశాఖకు అవతలి ఒడ్డున భావ్‌నగర్ వైపు ఆటుకూ పోటుకూ మధ్య నీటిమట్టం తేడా 10 మీటర్ల దాకా వస్తుంది. విశాఖపట్నంలో అది ఒకటిన్నర మీటర్లకు కాస్త అటూఇటూ మాత్రమే. అంత నీరు రోజుకు రెండుసార్లు లోపలికి వచ్చి, రెండుసార్లు బయటికి పోవాలి. అమావాస్య, పున్నమి రోజుల్లో ఆ ప్రవాహం 3 నాట్లు దాటడం, అంటే గంటకు 3 నాటికల్ మైళ్లకు మించి పారడం, ఇక్కడ వింతేమీ కాదు.

ఇలాంటి చోట ఎక్కువ హార్స్‌పవర్ ఇంజన్ పెట్టుకుంటే సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. కొంతవరకు నిజమే. కానీ పడవ వేగానికి ఇంజన్ కన్నా ముందు పడవ పొడవే హద్దు గీస్తుంది. నీటిని చీల్చుకుంటూ పోయే పడవ తన ముందు ఒక కెరటాన్ని లేపుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ కెరటం పొడవూ పెరుగుతుంది. అది పడవంత పొడవుకు చేరాక, పడవ తాను లేపిన కెరటాన్నే ఎక్కడానికి పెనుగులాడుతుంది. ఆ వేగాన్ని లెక్కగట్టే సూత్రం ఒకటుంది. నీటిని తాకే భాగం పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే వేగం నాట్లలో వస్తుంది. నీటి గీత దగ్గర 25 అడుగులుండే పడవకు అది 6.7 నాట్లు. దానికి 10 హార్స్‌పవర్ ఇంజన్ తీసి 25 హార్స్‌పవర్ ఇంజన్ పెడితే వేగం రెండున్నర రెట్లు కాదు. కొద్దిగా పెరుగుతుంది, ఖర్చు మాత్రం బాగా పెరుగుతుంది. తేలికపాటి ఫైబర్ పడవలు ఖాళీగా ఉన్నప్పుడు నీటి మీదికి లేచి ఈ హద్దు దాటగలవు. వల, మంచు, చేపలు, నలుగురు మనుషులు ఎక్కాక ఆ లాభం మిగలదు.

హద్దుకు లోపల కూడా లెక్క కఠినంగానే ఉంటుంది. స్థూలంగా చెప్పాలంటే, కావలసిన శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 7 నాట్ల బదులు 6 నాట్లతో వెళితే గంటకు ఖర్చయ్యే చమురు మూడో వంతుకు పైగా తగ్గుతుంది. ప్రయాణం ఎక్కువసేపు పడుతుంది కాబట్టి మైలుకు మిగిలేది పావు వంతు. ప్రొపెల్లర్ కూడా ఇదే నియమానికి కట్టుబడుతుంది. ఇంజన్‌ను పూర్తి ఆర్‌పీఎం మీద కాకుండా 80 శాతం మీద నడిపితే ప్రొపెల్లర్ తీసుకునే శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. వేగం మాత్రం సగం కాదు, ఐదో వంతు కూడా తగ్గకపోవచ్చు.

మరి మత్స్యకారులు పెద్ద ఇంజన్ ఎందుకు కోరుకుంటారు? అది తెలియనితనం కాదు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా చాలాచోట్ల ఇసుక ఒడ్డు నుంచే పడవను సముద్రంలోకి తోయాలి. విరిగే కెరటాలను దాటే ఆ రెండు నిమిషాలు శక్తి చాలకపోతే పడవ తిరగబడుతుంది. ఒడ్డుకు ముందు చేరిన సరుకుకు మంచి ధర పలుకుతుంది. తపతి ముఖద్వారంలో ఎదురు ప్రవాహం ఉంది. కాబట్టి పెద్ద ఇంజన్ కొనడంలో తప్పు లేదు. దాన్ని రోజంతా పూర్తి వేగంతో నడపడంలోనే నష్టం. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా మొదలుపెట్టిన బంగాళాఖాత కార్యక్రమం ఒడ్డుకు లాగగలిగే పడవల కోసం చిన్న డీజిల్ ఇంజన్‌నే ఎంచుకుంది. ఇసుక తగిలినప్పుడు ప్రొపెల్లర్‌ను పైకి లేపే ఏర్పాటు దానికి జోడించింది.

ఇంజన్ రకాన్ని బట్టి ఖర్చు ఎంత మారుతుందో అంకెల్లో చూడవచ్చు. డీజిల్ ఇంజన్ ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 0.2 లీటరు తాగుతుంది. పాత టూ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ ఇంజన్ 0.4 నుంచి 0.5 లీటరు దాకా తాగుతుంది. రెండింటినీ 8 హార్స్‌పవర్ భారం మీద, 6 నాట్ల వేగంతో నడిపారనుకుందాం. 40 లీటర్లతో డీజిల్ పడవ 25 గంటలు, అంటే 150 మైళ్లు పోతుంది. అవుట్‌బోర్డ్ పడవ 11 గంటలు, 66 మైళ్లు. సముద్రంలో పాత నియమం ఒకటుంది: పోవడానికి మూడో వంతు, రావడానికి మూడో వంతు, ఆపదకు మూడో వంతు. దాని ప్రకారం మొదటి పడవ ఒడ్డు నుంచి 50 మైళ్ల దాకా వెళ్లవచ్చు, రెండోది 22 మైళ్లకే వెనక్కి తిరగాలి.

ఇది నిలకడ నీటి లెక్క. 18 మైళ్ల దూరానికి 6 నాట్ల పడవకు మామూలుగా 3 గంటలు పడుతుంది. 3 నాట్ల ప్రవాహం ఎదురైతే 6 గంటలు, వెనుక నుంచి తోస్తే 2 గంటలు. గంటకు 1.6 లీటర్ల చొప్పున అవి వరుసగా 4.8, 9.6, 3.2 లీటర్లు. పోయేటప్పుడు కలిసొచ్చింది, వచ్చేటప్పుడు ఎదురైంది కదా, సరికి సరి అనుకోవడానికి లేదు. నిలకడ నీటిలో రానూపోనూ 6 గంటలైతే ఇక్కడ 8 గంటలు. అందుకే నది ముఖద్వారంలో ఆటుతో బయటికి పోయి, పోటుతో లోపలికి రావడం అన్నిటికన్నా చవక.

పెద్ద ట్యాంకు పెట్టుకోవడానికీ పరిమితి ఉంది. లీటరు డీజిల్ బరువు సుమారు 0.84 కిలో. 200 లీటర్లంటే దాదాపు 170 కిలోలు, అంటే ఇద్దరు మనుషులకన్నా ఎక్కువే. సగం నిండిన ట్యాంకులో చమురు అటూఇటూ పొర్లితే పడవ ఒరిగిపోయే ప్రమాదం పెరుగుతుంది. అందుకే ట్యాంకు లోపల అడ్డుపలకలు పెడతారు. విడి డబ్బాల్లో తీసుకెళ్లేవారు వాటిని అడుగున, మధ్యలో కట్టి ఉంచాలి.

గుజరాత్ నీళ్లలో ఈ లెక్కలు తెలుగువారికి దూరపు సంగతి కాదు. శ్రీకాకుళం తీరం నుంచి వేలమంది ఏటా వెరావల్ వెళ్లి పెద్ద బోట్ల మీద పనిచేస్తారు. ఇటీవల సినిమా పేరుగా తెలిసిన ‘తండేల్’ అక్కడ పడవ నడిపించే నాయకుడిని పిలిచే మాట. ఎంత దూరం పోవాలో, ఎప్పుడు తిరగాలో నిర్ణయించేది అతనే. 2018 నవంబరులో సరిహద్దు దాటారంటూ ఆంధ్రా మత్స్యకారులు 22 మందిని పాకిస్తాన్ పట్టుకుంది. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగొచ్చారు. ఆ ఘటనకు చమురు కారణమని కాదు. అయితే కంటికి కనబడని గీత దగ్గర ఇంజన్ ఆగిన పడవ ప్రవాహం ఎటు తోస్తే అటే పోతుంది. ఆపదకు ఉంచుకునే ఆ మూడో వంతుకు ఇక్కడ జైలు తప్పించేంత విలువ ఉంది.

ఇంటి దగ్గర లెక్క వేరు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో డీజిల్ సబ్సిడీని లీటరుకు రూ.6.03 నుంచి రూ.9కి పెంచింది. ఇంజన్ బిగించిన చిన్న పడవకు నెలకు 300 లీటర్ల వరకు, మరబోటుకు 3,000 లీటర్ల వరకు ఇది వర్తించింది. నెలలో 25 రోజులు వేటకు పోయే చిన్న పడవకు 300 లీటర్లంటే రోజుకు 12 లీటర్లు. పైన చెప్పిన డీజిల్ ఇంజన్ మీద అది ఏడున్నర గంటలు, 45 మైళ్లు. అదే ఇంజన్‌ను పూర్తి వేగంతో నడిపితే మధ్యాహ్నానికి ముందే అయిపోతుంది.

తన పడవకు ఏ వేగం లాభమో తెలుసుకోవడానికి ఒక ఉదయం చాలు. గీతలు పెట్టిన పారదర్శకమైన డబ్బా నుంచి ఇంజన్‌కు చమురు అందించి, ఒకే ఆర్‌పీఎం మీద రెండు మైళ్లు పోయి, అదే దారిన వెంటనే వెనక్కి రావాలి. జీపీఎస్ చూపిన రెండు వేగాల సగటు తీసుకుంటే ప్రవాహం ప్రభావం చాలావరకు తొలగిపోతుంది. ఇలా మూడు, నాలుగు ఆర్‌పీఎంల దగ్గర లీటరుకు ఎన్ని మైళ్లో రాసుకోవాలి. వేటకు పోయేంత బరువు పడవలో ఉన్నప్పుడే ఈ పరీక్ష చేయాలి. అడుగున నాచు, గవ్వలు పట్టాక మరోసారి చేస్తే, పడవను గీకి రంగు వేయడం ఎప్పుడు గిట్టుబాటవుతుందో కూడా తేలుతుంది.