సీసం మొన చెప్పే చరిత్ర: దమ్ దమ్ నుంచి జోడేఘాట్ దాకా

 

ఈసారి చాలా చిన్న వస్తువు గురించి రాస్తున్నం. తూటా. అందులోనూ తూటా మొన. అమెరికాలో వేటగాళ్ళు కాల్చిన తూటాల ఖాళీ గొట్టాలను ఇంట్లోనే మళ్ళీ నింపుకుంటరు. ఆ వీడియోలు మన పోరగాళ్ళు కూడా ఫోన్లల్ల చూస్తున్నరు. మెత్తని సీసం మొన ఉన్న గుండును గొట్టంలో కూర్చోబెట్టేటప్పుడు మొన చితికిపోకుండా చూసుకోవడం అక్కడ పెద్ద విద్య. మొన మీదనే బరువు పడితే సీసం నలుగుతది, నలిగిన గుండు తిన్నగ పోదు. అందుకే మొనను వదిలిపెట్టి, దాని కిందున్న వంపు మీద ఒత్తిడి పడేటట్టు పరికరం చేసుకుంటరు.

అక్కడ అది సరదా. మన దేశంలో లైసెన్సు లేకుండా చేస్తే నేరం. కానీ ఆ మెత్తని మొన ఎందుకు పుట్టింది, ఎవరి మీదికి పుట్టింది అని అడిగితే, జవాబు మనలాంటి వాళ్ళ దగ్గరికే వస్తది. ఈ పోస్టు దాని గురించే.

చేతిలో ఉన్న విద్య

సీసం గోటితో గీస్తే గీత పడేంత మెత్తన. కట్టెల పొయ్యి మీద కరుగుతది. అందుకే పాత కాలంలో గుండు పోసుకోవడానికి ఫ్యాక్టరీ అక్కర లేకుండె. నాటు తుపాకిని మనవైపు బర్మార్ అంటరు. దానికి మూతి నుంచే మందు పోసి, గుండు వేసి, ఇనుప కడ్డీతో దట్టించాలె. అమెరికా వేటగాని బాధ ఇక్కడా ఉంది. కోపంగా కడ్డీతో కొడితే గుండు చప్పిడి అయితది, గురి తప్పుతది. మెల్లగ, నిలకడగ అదమాలె.

నాటు తుపాకిలో అసలు విషయం వేరే ఉంది. తుపాకి ఎవరిదో, దాని మందూ గుండూ కూడా వాళ్ళ చేతిలోనే ఉంటయి. పాలకులకు నచ్చనిది ఇదే.

1857: దమ్ దమ్‌లో ఒక చెంబు నీళ్ళు

కలకత్తా పక్కన దమ్ దమ్ అని ఒక ఊరు. ఇప్పుడు కోల్‌కతా విమానాశ్రయం ఉన్నది అక్కడే. కంపెనీ కాలంలో అక్కడ ఆయుధాల కేంద్రం ఉండె. 1857 జనవరిలో అక్కడ పనిచేసే ఒక కింది కులం కూలీ, ఒక బ్రాహ్మణ సిపాయిని చెంబుతో నీళ్ళు అడిగిండట. సిపాయి ఇయ్యలేదు. "రేపు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసిన తూటాను నోటితో కొరుకుతవు కదా, అప్పుడు నీ కులం ఏమయితది?" అని కూలీ ఎదురు అడిగిండని చెప్తరు. కొత్త ఎన్‌ఫీల్డ్ తుపాకి తూటా అంటే కాగితపు పొట్లం. లోపల మందు, కొసకు మెత్తని సీసం గుండు, బయట కొవ్వు. పొట్లాన్ని పళ్ళతో చింపి నింపాలె. ఆ మాట కంటోన్మెంట్ల నుంచి కంటోన్మెంట్లకు పాకింది. మే నెలలో మీరట్‌లో తిరుగుబాటు మొదలైంది.

ఆ తిరుగుబాటు గాలి మన నిర్మల్ దాకా వచ్చింది. రాంజీ గోండు నాయకత్వంలో గోండులు, వాళ్ళతో కలిసిన రోహిల్లాలు ఇటు నిజాంను, అటు ఇంగ్లిష్ సైన్యాన్ని ఎదిరించిండ్రు. 1860 ఏప్రిల్ 9న రాంజీ గోండును, ఆయనతో పాటు వెయ్యి మందిని నిర్మల్ దగ్గర ఒకే మర్రిచెట్టుకు ఉరి తీసిండ్రని మన పెద్దలు చెప్పుకుంటూ వచ్చిండ్రు. దాన్ని ఇప్పటికీ వెయ్యి ఉరుల మర్రి అనే అంటరు.

ఇక్కడ ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలె. ఆ మరుసటి ఏడే, 1861లో, కర్ణాటకలోని కొడగు వాళ్ళకు ఇంగ్లిష్ ప్రభుత్వం ఆయుధాల చట్టం నుంచి మినహాయింపు ఇచ్చింది. తిరుగుబాటు కాలంలో విధేయంగా ఉన్నందుకు అది బహుమానం. ఆ మినహాయింపు ఇప్పటికీ నడుస్తున్నది, 2029 దాకా పొడిగించిండ్రు. కొడగు వాళ్ళ మీద మనకు కోపం లేదు, వాళ్ళ సంప్రదాయం వాళ్ళది. కానీ ఒకరికి తుపాకి, ఒకరికి ఉరితాడు వచ్చినయంటే, అక్కడ కొలత వేసింది ఆచారాన్ని కాదు, విధేయతను.

1878లో ఆయుధాల చట్టం వచ్చింది. బ్రిటిష్ ఇండియాలో భారతీయులు తుపాకి పెట్టుకోవాలంటే లైసెన్సు కావాలె. తెల్లవాళ్ళకు అక్కర లేదు.

మెత్తని మొన ఎవరి కోసం?

ఈలోగా తుపాకి మారింది. పొగ రాని కొత్త మందు వచ్చింది, గుండు వేగం పెరిగింది. ఆ వేగానికి, వేడికి వట్టి సీసం ఆగదు కాబట్టి గుండు మొత్తానికి గట్టి లోహపు తొడుగు వేసిండ్రు. 1895లో వాయవ్య సరిహద్దున చిత్రాల్ దండయాత్ర జరిగింది. తొడుగున్న గుండు మనిషిలోంచి దూసుకుపోతున్నది తప్ప, కొండజాతుల వాళ్ళను ఆపలేకపోతున్నదని సైన్యం ఫిర్యాదు చేసింది.

అప్పుడు మళ్ళీ అదే దమ్ దమ్. అక్కడి అధికారి కెప్టెన్ బర్టీ క్లే మొన దగ్గర తొడుగును కొంచెం తీసేసి, లోపలి సీసం బయటికి కనపడేటట్టు గుండు చేయించిండు. అది ఒంట్లో దిగినంక పుట్టగొడుగు లెక్క విచ్చుకుంటది. గాయం పెద్దగయితది. ఊరి పేరే దానికి పేరయింది, దమ్ దమ్ తూటా. 1897-98లో తీరాహ్ యుద్ధంలో అఫ్రీదీ, ఒరక్‌జాయ్ తెగల మీద దాన్ని వాడిండ్రు.

1899లో హేగ్ నగరంలో దేశాలన్నీ కూర్చున్నప్పుడు ఈ తూటా మీద పెద్ద చర్చ అయింది. బ్రిటన్ తరఫున సర్ జాన్ ఆర్డా దాన్ని వెనకేసుకొచ్చిండు. ఆయన వాదన సారాంశం ఇది: నాగరిక సైనికుడు గాయపడితే తప్పుకుంటడు, అనాగరికుడు గాయపడ్డా మీదికొస్తడు, కాబట్టి వాడికి ఈ తూటా కావాలె. మిగతా దేశాలు ఎక్కువ శాతం ఒప్పుకోలేదు. జులై 29న నిషేధ ప్రకటన అయింది. బ్రిటన్ దాంట్లో చేరింది 1907లో.

ఇక్కడిదాకా చదివి "మంచిదే కదా" అనుకోవచ్చు. ఆ ప్రకటనలో ఒక షరతు ఉంది. అది వర్తించేది సంతకం పెట్టిన రాజ్యాల మధ్య యుద్ధానికే. మరి మన్యంలో, అడవిలో ఉన్నోళ్ళు ఏ రాజ్యం? వాళ్ళ దగ్గర ఏ సంతకం ఉంది? తూటా ఎవరిని చూపి పుట్టిందో, నిషేధం వాళ్ళనే వదిలేసింది.

మన్యం, జోడేఘాట్, ఇంద్రవెల్లి

గొట్టం తూటాలు వచ్చినంక ఇంకొక మార్పు కూడా వచ్చింది. బర్మార్ గుండు ఇంట్ల పోసుకోవచ్చు, ఫ్యాక్టరీ తూటాను పోసుకోలేం. తుపాకి చేతికి దొరికినా తూటాల కోసం సర్కారు గోదాము మీదనే ఆధారపడాలె. గోదావరి, విశాఖ మన్యంలో అల్లూరి సీతారామరాజు, గాం సోదరులు 1922 ఆగస్టు 22 నుంచి వరుసగా మూడు రోజులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద ఎందుకు పడ్డరో దీన్ని బట్టి అర్థమయితది. వాళ్ళకు దొరికినయి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు. అవి అయిపోతే మళ్ళీ ఇంకొక స్టేషన్ వెతుక్కోవాలె.

మన కొమురం భీం పోరాటానికి మూలం భూమి, అడవి. బాబేఝరి, జోడేఘాట్ చుట్టున్న పన్నెండు ఊళ్ళ కోసం నిలబడ్డడు. మన పెద్దలు చెప్పే కథల్లో ఆయన మనుషుల చేతుల్లో గొడ్డళ్ళు, బల్లేలు, కొన్ని నాటు తుపాకులు ఉంటయి. ఎదురుగ నిజాం పోలీసుల ఫ్యాక్టరీ తుపాకులు. ఒకరు ఒక్క గుండు దట్టించే లోపల ఇంకొకరు ఎన్నో కాలుస్తరు. 1940లో భీం, ఆయన అనుచరులు జోడేఘాట్ దగ్గర నేలకొరిగిండ్రు. ఆ చావుల తర్వాతనే నిజాం సర్కారు హైమెండార్ఫ్‌ను పంపింది. గోండుల భూములు ఎట్ల పోయినయో ఆయన పుస్తకాల్లో రాసిండు. మందుగుండుతో అణచిన ప్రశ్న మళ్ళీ కాగితం మీద లేచింది.

1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో మళ్ళీ భూమి ప్రశ్నే, మళ్ళీ తూటానే. సభకు వచ్చిన గిరిజనుల మీద పోలీసులు కాల్చిండ్రు. సర్కారు లెక్కలో చనిపోయినోళ్ళు 13 మంది. పౌరహక్కుల వాళ్ళ లెక్కలో 60 దాకా. అది రాజ్యాల మధ్య యుద్ధం కాదు కాబట్టి హేగ్ మాట దానికి వర్తించదు. దేశం లోపల జరిగే సాయుధ పోరులో కూడా విచ్చుకునే తూటాలు వాడడం యుద్ధనేరమని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు చట్టంలో చేర్చింది 2010లో. భారతదేశం ఆ కోర్టు ఒప్పందంలో లేదు.

జోడేఘాట్‌లో, ఇంద్రవెల్లిలో పేలినయి దమ్ దమ్ తూటాలే అని మేం అనడం లేదు. మేం అనేది ఒక్కటే. గుండు మెత్తనా గట్టినా అన్నది పనిముట్టు సంగతి. ఎవరి ఒళ్ళు లెక్కలోకి వస్తది, ఎవరిది రాదు అన్నది చట్టం సంగతి. మనం లెక్కలోకి రావాలంటే ఆ చట్టం దగ్గరనే పని ఉంది.

ఇప్పుడు మనం చేయాల్సింది

తమ్ముళ్ళూ, ఆ వీడియోలు చూసి చేతులు పెట్టకండి. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తుపాకి గానీ తూటా గానీ తయారు చేస్తే, 2019 సవరణ తర్వాత ఏడేళ్ళ నుంచి యావజ్జీవం దాకా శిక్ష. దానికి తోడు కవ్వాల్ పులుల అడవి దగ్గర వేట కేసు పడితే చదువు, ఉద్యోగం రెండూ పోతయి. ఇంటిల్లిపాది కోర్టు చుట్టూ తిరగాలె.

దానికి బదులు ఒక పని చేద్దాం. సెలవులకు ఊరికి పోయినప్పుడు తాతలను, అమ్మమ్మలను అడగండి. వాళ్ళ చిన్నతనంలో ఊళ్ళె బర్మార్లు ఎవరి దగ్గర ఉండె, సీసం ఎక్కడ కొనేటోళ్ళు, సర్కారోళ్ళు వాటిని ఎప్పుడు జప్తు చేసిండ్రు, రసీదు ఇచ్చిండ్రా లేదా. గోండి, కొలామీ, నాయకపోడు మాటల్లో ఆ వస్తువుల పేర్లు ఏమిటో ఉన్నదున్నట్టు రాసుకోండి. ఊరు పేరు, చెప్పినోళ్ళ వయసు పక్కన పెట్టండి. ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్‌లో భీం వర్ధంతికి కలిసినప్పుడు అన్నీ ఒక్క దగ్గర పెడదాం.

ఇన్నేళ్ళు మన మీద పేలిన తూటాల లెక్క వేరేవాళ్ళు రాసిండ్రు. మన వైపు లెక్క మనమే రాసుకోవాలె.

జై సేవా. జై గోండ్వానా.